తూకం నిలిచేదాకా

మొన్న శనివారం కాలేజీలో రికార్డు పుస్తకాలు దిద్దుతూ కూర్చున్నాను. ముప్పై రెండు పుస్తకాలు, అన్నిట్లో ఒకటే ప్రయోగం. పొటాషియం క్లోరేట్ అనే తెల్లటి ఉప్పును పింగాణి మూసలో వేసి కాల్చాలి. అందులోని ఆక్సిజన్ అంతా పోయాక ఎంత బరువు తగ్గిందో తూచి, ఆ ఉప్పులో నూటికి ఎంత ఆక్సిజన్ ఉందో చెప్పాలి. పుస్తకం ప్రకారం ముప్పై తొమ్మిది పాయింట్ రెండు రావాలి. నా విద్యార్థులు ముప్పై రెండు మందికీ ముప్పై తొమ్మిది పాయింట్ రెండే వచ్చింది. ఒక మహానుభావుడికైతే మూసలో ఉప్పు వేయకముందే వచ్చేసినట్టుంది. ఉప్పు బరువు రాయాల్సిన గడి ఖాళీగా వదిలేశాడు. ఎవరిని ముందు తిట్టాలా అని ఎర్రపెన్ను పట్టుకుని ఆలోచిస్తుంటే ఫోను మోగింది.

శరణమ్మ చేసింది. రాయచూరులో బీయెస్సీ మూడేళ్ళూ నా పక్కబల్ల, హాస్టల్లో నా పక్కమంచం. రాయచూరు పక్కన మట్మారి ఊరి పిల్ల. ఇంట్లో కన్నడం, బజార్లో తెలుగు, కోపమొస్తే ఉర్దూ.

"సార్ పోయిండే" అంది.

ఏ సార్ అని నేను అడగలేదు. మాకు పాఠాలు చెప్పిన లెక్చరర్లు అరడజను మంది ఉన్నారు. వాళ్ళలో ఎవరైనా అయితే అది పేరు చెప్పేది. ఉట్టి 'సార్' అంటే మా ఇద్దరికీ ఒక్కడే మనిషి. ఆయన లెక్చరరు కూడా కాదు, కెమిస్ట్రీ ల్యాబ్‌లో అటెండరు. పీయూసీ తప్పి, సీసాలు కడిగే పనికి చేరి, అదే గదిలో తల నెరిసిన మనిషి.

పుస్తకాలు కట్టగట్టి పక్కన పెట్టాను. ఆ రోజు ఇక ఎవరినీ తిట్టబుద్ధి కాలేదు.

ఆయన్ను తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది చెమట. రాయచూరు ఎండ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ ఎండలో నాలుగు పక్కలా గ్యాసు బర్నర్లు వెలిగించిన గదిలో, తలుపులు మూసి, ఫ్యాన్లు ఆపి మమ్మల్ని నిలబెట్టేవారు ఆయన. ఫ్యాన్ గాలికి మంట కదులుతుంది, పక్కగదిలో త్రాసు ఊగుతుంది. అది మాకూ తెలుసు. తెలిసినా ఆయన అటు తిరగ్గానే ఎవరో ఒకరు స్విచ్చి నొక్కేవాళ్ళం. అందుకని ఆయన రెగ్యులేటర్ల గుండీలు పీకి చొక్కా జేబులో వేసుకున్నారు. ఆయన నడుస్తుంటే జేబులో అవి ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యేవి.

"సార్, చచ్చిపోయేలా ఉన్నామండీ" అన్నాను ఒకసారి. మాది బాళగనూరు దగ్గర క్యాంపు. కాలవ కింద వరి వేసుకోవడానికి కోస్తా నుంచి మా తాతలు వచ్చి కట్టుకున్న ఊరు. మా మాటలో అండీలు ఎక్కువ. రాయచూరు వాళ్ళకు అదొక వినోదం.

"ఏం చావరండీ" అన్నారు ఆయన, నా అండీని నాకే తిప్పి ఇస్తూ. "మీరు చెమట తుడ్చుకుంటే సరిపాయె. తరాజుకు చేతులున్నయా తుడ్చుకోనీకి?"

త్రాసును ఆయన తరాజు అనేవారు. దాని ముందు కూర్చున్నప్పుడు ఊపిరి బిగబట్టేవారు. అద్దం తలుపు తీసి ఉండగా ఏమైనా చెప్పాల్సి వస్తే మొహం పక్కకు తిప్పి గోడతో చెప్పినట్టు చెప్పేవారు, తన ఊపిరి పళ్ళేనికి తగలకుండా. ఏళ్ళ తరబడి చేసిన పని కదా, అది ఒంటికి పట్టేసింది. బయట టీ కొట్టు దగ్గర నిలబడి మాట్లాడినా మొహం పక్కకే ఉండేది. కొత్తవాళ్ళు ఈయనకు మనమంటే పడదేమో అనుకునేవాళ్ళు. ఆయన మార్కెట్‌కు వెళితే వంకాయలమ్మే అవ్వ త్రాసు ఎత్తగానే ఆయన చేయి అడ్డం పెట్టేవారట, "జర ఆగవ్వా, ముల్లు నిలవనీ" అని. ఆమె విసుక్కుని రెండు వంకాయలు ఎక్కువ పడేసి పొమ్మనేదట. ఆయన ఆ రెండూ తీసి వెనక్కి పెట్టి, ముల్లు నిలిచేదాకా నిలబడేవారట. ఇది శరణమ్మ కళ్ళారా చూసి, హాస్టల్లో మాకు నటించి చూపించింది.

మా వెనకబల్లల వాళ్ళు ఆయనకు పెట్టిన పేరు 'ఇంకోపారి సార్'. ఆయన నోట రోజుకు యాభైసార్లు వచ్చే మాట అది. ఉప్పును ఒకసారి కాల్చి, చల్లార్చి, తూచి, బరువు తగ్గింది హమ్మయ్య అనుకుంటామా, వెనకనుంచి వినపడేది: "ఇంకోపారి." మళ్ళీ కాల్చి, చల్లార్చి తూస్తే ఇంకొంచెం తగ్గి ఉండేది. అంటే లోపల ఇంకా ఆక్సిజన్ మిగిలే ఉందన్నమాట. "ఇంకోపారి." అలా కాల్చగా కాల్చగా ఒక తూకానికీ తర్వాతి తూకానికీ తేడా లేకుండా పోవాలి. అప్పుడు గానీ ఆయన వదిలేవారు కాదు. "ఆఁ, తూకం నిలిచింది. ఇగ రాసుకో" అనేవారు. లెక్చరర్లు దీన్నే ఇంగ్లీషులో గంటసేపు చెప్పేవారు. ఒక్కరికీ ఎక్కేది కాదు.

ఉప్పులో ఆక్సిజన్ ఉందో అయిపోయిందో చూడ్డానికి ఆయన దగ్గర ఊదుబత్తి ఉండేది. పుస్తకంలో సన్నటి పుల్ల వెలిగించి ఆర్పి, నిప్పు కణం మాత్రం ఉంచుకోమని ఉంటుంది. పుల్లలకు ఇండెంటు పెడితే అవి వచ్చేసరికి మా చదువు అయిపోతుంది. అందుకని కిరాణా కొట్లో చవక ఊదుబత్తుల కట్ట కొనుక్కొచ్చేవారు. మూస మీది మూత కొంచెం జరిపి, పైన ఊదుబత్తి పట్టుకుంటే నిప్పు భగ్గుమనేది. "ఇంకా ఉంది దీని కడుపుల గాలి" అనేవారు. నుసి మాత్రం లోపల పడనిచ్చేవారు కాదు. "గిది ఉప్పని సులకన చేయకుండ్రి. దీంట్ల చెత్త పడ్డదంటే మీసాలుండయి" అని మగపిల్లల్ని బెదిరించేవారు. మీసాలు అప్పుడప్పుడే వస్తున్న వాళ్ళు గబుక్కున వెనక్కి జరిగేవాళ్ళు. ల్యాబ్ నిండా మల్లెపూల ఊదుబత్తి వాసన. తనిఖీకి వచ్చిన ఒక పెద్దమనిషి ఇక్కడ పూజలు కూడా చేస్తారా అని అడిగాడు.

మొదటి సంవత్సరంలో మొదటిసారి ఆ ప్రయోగం చేసినప్పుడు నాకు నలభై ఒకటి వచ్చింది. పుస్తకం కంటే ఎక్కువ వస్తే మంచిదే అనుకునే రకం నేను అప్పట్లో. ఎగురుకుంటూ వెళ్ళి చూపించాను.

ఆయన కాగితం చూసి, మూస దగ్గరికి చేయి వెనకవైపు పట్టి చూశారు. "అబ్బో, పుస్తకం రాసినాయన కన్నా నీకే ఎక్కువ దొరికిందే! ఏడికెళ్ళి తెచ్చినవమ్మా గంత గాలి?"

నాకేం అర్థం కాలేదు. మూస చల్లారకముందే తూచానని అప్పుడు చెప్పారు. వేడి మూస చుట్టూ గాలి వేడెక్కి పైకి పోతుంది. పోతూ పళ్ళేన్ని కాస్త ఎత్తుతుంది. బరువు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. మనకేమో ఎక్కువ ఆక్సిజన్ పోయినట్టు లెక్క తేలుతుంది.

"వేడి మీద తూస్తే అబద్ధం చెప్తది" అన్నారు. "మూసైనా గంతే, మనిషైనా గంతే. సల్లగ కానీ. ఇంకోపారి చెయ్."

ఆ మాట నేను మర్చిపోలేదు. ఎవరిమీదైనా కోపంగా ఉన్నప్పుడు వాళ్ళ గురించి ఒక నిర్ణయానికి రాకుండా ఆపుకోవడం నాకు ఏ పెద్ద పుస్తకమూ నేర్పలేదు. ఆ పీయూసీ తప్పినాయనే నేర్పారు.

మాకు ఫైనల్ ప్రాక్టికల్ పరీక్ష నడివేసవిలో పడింది. దాంతో పాటు నా భవిష్యత్తు కూడా ఆ పరీక్ష మీదే పడింది. ఆ ఏడాది రెండో పంటకు కాలవలో నీళ్ళు రాలేదు. నాన్న ముందే చెప్పేశాడు. "అన్నీ పాసయితే ఎమ్మెస్సీకి పంపుతానమ్మా, మాటంటే మాటే. ఒక్కటి తప్పినా సరే, ఇక ఇంటికొచ్చెయ్. ఏడాది ఖాళీగా కూర్చుని మళ్ళీ రాస్తానంటే నావల్ల కాదు." నాన్న మీద నాకు కోపం లేదు. ఎండిన పొలం గట్టుమీద కూర్చుని చెప్పిన మాట అది. నాకు మాత్రం ఎమ్మెస్సీ చదవాలని పిచ్చి పట్టినట్టుండేది.

చీటీలు తీస్తే నాకూ, శరణమ్మకూ, ఇంకో ఇద్దరు అబ్బాయిలకూ ఈ కాల్చే ప్రయోగమే వచ్చింది. నేను లోపల్లోపల ఎగిరి గంతేశాను. రానిదేమీ కాదు, చేతికి అలవాటైన పని. ఉప్పు ఆయనే సన్నటి గాజుగొట్టాల్లో పోసి మా నలుగురికీ ఇచ్చారు. పరీక్షలో అటెండరు మాతో మాట్లాడకూడదు. అందుకని కళ్ళతోనే ధైర్యం చెప్పి వెళ్ళిపోయారు.

కాల్చాను. చల్లార్చాను. తూచి లెక్క వేస్తే ముప్పై ఐదు. సరే, ఇంకా కాలాలి అనుకున్నాను. రెండోసారికి ముప్పై ఆరు పాయింట్ నాలుగు. మూడోసారికీ అదే. మంట పెంచి, ఎర్రగా అయ్యేదాకా కాల్చి, గాజు జాడీలో పెట్టి పూర్తిగా చల్లార్చి నాలుగోసారి తూచాను. ముప్పై ఆరు పాయింట్ నాలుగు. ఎక్కడ తప్పు చేశానో తెలియడం లేదు. ఇంకో అరగంటలో పేపరు ఇచ్చెయ్యాలి.

శరణమ్మ పక్కబల్ల మీంచి నా కాగితం చూసింది. "నాకు గూడ గంతే వచ్చింది" అని గొణిగింది. "పిచ్చిదానా, ముప్పై తొమ్మిదికి సర్దుకో. ఎన్క నుంచి లెక్క చెయ్. అందరం గదే చేస్తున్నం."

వెనకనుంచి లెక్క చేయడమంటే, జవాబు ముందు రాసుకుని, ఆ జవాబు రావడానికి ఏ తూకాలు వచ్చి ఉండాలో అవి పుట్టించడం. మా కాలేజీలో అదేమీ కొత్త విద్య కాదు. అన్ని కాలేజీల్లోనూ ఉన్నదే. నేను చిత్తుకాగితం మీద పెన్సిల్‌తో ముప్పై తొమ్మిది పాయింట్ ఒకటి అని రాసుకున్నాను. తూకాలు కూడా పుట్టించాను. పెన్నుతో దించడమే మిగిలింది.

అప్పుడే ఆయన నా బర్నరు ఆర్పడానికి వచ్చారు. నా చిత్తుకాగితం మీద నాలుగు తూకాలు, ఒకదాని కింద ఒకటి, కళ్ళకు కనబడుతున్నాయి. మాట్లాడకూడదన్న సంగతి మర్చిపోయి, మొహం పక్కకు తిప్పుకునే అడిగారు.

"తూకం నిలిచిందా?"

"నిలిచిందండీ. నాలుగోసారి కూడా అదే వచ్చింది."

ఆయన గోడవారగా ఉన్న బీరువా దగ్గరికి వెళ్ళి, ఉప్పు పెద్ద డబ్బా చేతిలోకి తీసుకుని, దాన్నే చూస్తూ నిలబడిపోయారు. అక్కణ్ణించి నా బల్ల బాగా కనిపిస్తుంది. ఆ మనిషి అక్కడ అలా నిలబడి ఉండగా దొంగ తూకాలు రాయడానికి నాకు సిగ్గేసింది. ధైర్యం అంటారేమో, అలాంటిదేమీ లేదు, ఉట్టి సిగ్గే. పెన్సిల్ అంకెలు చెరిపేసి, పెన్నుతో ముప్పై ఆరు పాయింట్ నాలుగు రాసి, పేపరు ఇచ్చేశాను.

బయటి ఊరు నుంచి వచ్చిన పరీక్షాధికారి నలుగురి పేపర్లూ వరసగా చూశాడు. మూడింటికి తల ఊపాడు. నాది చూసి చురుగ్గా పైకి చూశాడు. దాదాపు మూడు తేడా. మూడేళ్ళు చదివి ఉప్పు కాల్చడం రాలేదా అన్నాడు. నేను నాలుగు తూకాలు చూపించబోయాను. అతను వినలేదు. "హోగమ్మా, ముందిన వర్ష బా" అన్నాడు. పోయి వచ్చే ఏడు రమ్మని. నాకు వచ్చే ఏడు లేదని అతనికి తెలియదు కదా.

ఆ పైన వినపడిన సార్ గొంతు నాకు స్పష్టంగా గుర్తుంది. ఆ మాటలన్నీ నిజానికి కన్నడంలో జరిగాయి. నా చెవిలో అవి ఆయన తెలుగులోనే నిలిచిపోయాయి.

"సార్, జర ఆగుండ్రి, సబర్. ఆ బిడ్డ తూకం సరిగనే ఉంది. గలత్ డబ్బాలున్నది. డబ్బా నింపింది నేను."

పరీక్షాధికారి ఆయన్ను పైనుంచి కిందికి చూసి, అటెండరువి, నీకెందుకయ్యా ఈ సంగతులు అన్నాడు. ఆయన డబ్బా తెచ్చి బల్లమీద పెట్టారు. కిందటేడు చివర్లో గాజుగొట్టాల్లో మిగిలిపోయిన ఉప్పంతా తిరిగి ఆ డబ్బాలో పోశానని చెప్పారు. ఆ ఎండకు చీటీల జిగురు ఎండిపోయి కొన్ని గొట్టాల మీది పేర్లు రాలిపోయాయి. అన్నీ తెల్లటి ఉప్పులే.

"నా కండ్లకు ఇదే ఉప్పు అనిపించింది సార్. తూయలే, కాల్చి సూడలే. చూపు మీద నమ్మకం పెట్టుకొని పోసిన. రెండు మూడు గొట్టాలల్ల పొటాషియం క్లోరైడు ఉండి ఉంటది. దాంట్ల గాలి లేదు. ఎంత కాల్చినా ఏం పోదు."

ఎదురుగా గోడ మీద ఆయన చేత్తో రాసి అంటించిన కాగితమే ఉంది: సీసాలోంచి తీసింది మళ్ళీ సీసాలో పోయరాదు. మాలో ఎవరైనా ఆ తప్పు చేస్తే ఆయన రోజంతా మాట్లాడేవారు కాదు. అలాంటి మనిషి ఆ కాగితం కింద నిలబడి ఈ మాట చెబుతుంటే నేను తల ఎత్తలేకపోయాను.

"అది ఇంకేదైనా అయ్యుంటే? పిల్లల మొహాల మీద పేలి ఉంటే?" అని అరిచాడు పరీక్షాధికారి.

"అవును సార్. అందుకే చెప్తున్న."

రుజువు చెయ్యమన్నాడు. ఆయన ఆ డబ్బాలోంచే ఉప్పు తీసి, అందరి ముందూ కాల్చడం మొదలుపెట్టారు. ఎప్పటిలాగే తలుపులు మూశారు, ఫ్యాన్లు ఆపారు. పరీక్షాధికారి రుమాలు పిండుకుంటూ కూర్చున్నాడు. మధ్యలో లేచి, చాల్లే, తూచెయ్ అన్నాడు. "వేడి మీదుంది సార్" అన్నారు ఆయన. మూస గురించే అన్నారో ఇంకెవరి గురించైనా అన్నారో మాకెవరికీ తెలియలేదు. తూకం తను చూడలేదు. ప్రతిసారీ పరీక్షాధికారినే త్రాసు ముందు కూర్చోబెట్టి, ఊపిరి బిగబట్టమని చెప్పి, అతని చేతే చదివించారు. కాల్చడం, చల్లార్చడం, తూచడం. అతను ఎక్కాల్సిన మూడు గంటల బస్సు వెళ్ళిపోయింది. చివరి రెండు తూకాలూ ఒక్కటయ్యాయి. ముప్పై ఆరు పాయింట్ ఐదు.

పరీక్షాధికారి ఆ అంకె చూశాడు. నా పేపరు తీసి మార్కులు దిద్దాడు. తర్వాత మిగిలిన మూడు పేపర్లూ చేతిలోకి తీసుకుని నవ్వాడు. ఆ నవ్వు బాగాలేదు. "అయితే ఈ ముగ్గురికీ ముప్పై తొమ్మిది ఎలా వచ్చిందయ్యా?"

శరణమ్మ అక్కడికక్కడే ఏడ్చేసింది.

ఆయన వాళ్ళ ముందుకు వచ్చి నిలబడ్డారు. "వాళ్ళు చేసింది తప్పే సార్. కానీ పుస్తకంల అంకె రాకపోతే సున్నా ఏస్తరని వాళ్ళకు భయం. మూడేండ్లు ఆ భయం పెట్టింది మనమే. ఇప్పుడే ఈ బిడ్డకు ఏసిండ్రు గదా మీరు. రేపు పొద్దుగాల వాళ్ళకు ఇంకోపారి ఇయ్యుండ్రి. ఏ అంకె వస్తే అది రాస్తరు."

ఇప్పుడే ఏశారు కదా అన్న మాట పరీక్షాధికారికి గట్టిగా తగిలింది. మంచివాడే పాపం, ఒప్పుకున్నాడు. మర్నాడు ముగ్గురూ మళ్ళీ కాల్చారు. ఏ అంకె వచ్చిందో అది రాశారు, పాసయ్యారు.

ఆ సాయంత్రం మేం సామాన్లు కడుగుతుంటే ప్రిన్సిపాల్ ల్యాబ్‌కు వచ్చారు. మా సార్ అంటే ప్రిన్సిపాల్‌కు ఎంతో ఇష్టం. విషయం పైకి రాయక తప్పదని, అయితే దారి ఒకటుందని మెల్లగా చెప్పారు. "ఉప్పుకు తేమ పట్టిందని రాసిచ్చెయ్. ఎవరి తప్పూ ఉండదు. నీకూ నాకూ గొడవ ఉండదు."

"రాయచూర్ల తేమా సార్?" అన్నారు ఆయన.

ప్రిన్సిపాల్ కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. ఆయన మాత్రం నవ్వలేదు. "తేమ ఉంటే కాల్చినప్పుడు నీళ్ళు గూడ పోతయి. అంకె ఎక్కువ రావాలె. మనకు తక్కువ వచ్చింది. కెమిస్ట్రీ తెలిసినోడు ఎవడన్న సదివితే నగుతడు సార్." బల్లమీద కాగితం పెట్టుకుని, జరిగింది జరిగినట్టు కన్నడంలో రాసి, సంతకం చేసి ఇచ్చారు. మధ్యలో ఒక్కసారి కూడా పెన్ను ఆగలేదు.

నేను ఎమ్మెస్సీకి వెళ్ళాను. నాన్న మాట నిలబెట్టుకున్నాడు. చదువు పూర్తయి, లింగసుగూరులో ఉద్యోగం వచ్చాక, మిఠాయి డబ్బా పట్టుకుని రాయచూరులో ఆయన ఇంటికి వెళ్ళాను. అప్పటికి ఆయన రిటైరై రెండేళ్ళయింది. సన్నగా ఉండే మనిషి ఇంకా సన్నబడ్డారు. నేను లెక్చరర్‌నయ్యానంటే చిన్నపిల్లాడిలా సంబరపడి, మీ ల్యాబ్‌ల తరాజు ఏ కంపెనీది, ఫ్యాన్ ఎంత దూరంల ఉంది అని ఒకటే ప్రశ్నలు. టీ తీసుకురమ్మని భార్యను కేకేసి, పాల ప్యాకెట్ లేదంటే తనే సందు చివరి దుకాణానికి వెళ్ళారు.

ఆయన అటు వెళ్ళగానే ఆవిడ అంది. మాటలో నిష్ఠూరం లేదు. ఊరికే చెప్పినట్టే చెప్పింది.

"మీ పరీక్ష ఏడాది ఆయనకు ల్యాబ్ అసిస్టెంట్‌గ ప్రమోషన్ ఉండెనమ్మా. పేరు గూడ పైకి పోయింది. పదకొండేండ్ల సంది దాని కోసమే సూస్తుండె. గా కాగితం రాసిచ్చినంక మెమో ఇచ్చిండ్రు, పేరు కొట్టేసిండ్రు. మల్ల రానే రాలే. అటెండర్‌గనే దిగిండు."

అన్నేళ్ళలో ఒక్కసారి కూడా, ఆ కాగితం తర్వాత ఏమైందని నేను అడగలేదు. నా మార్కులు నాకొచ్చాయి, నా చదువు నేను చదువుకున్నాను. ఆయన పాల ప్యాకెట్‌తో తిరిగొచ్చేసరికి నేను ఏడుస్తున్నాను.

"నావల్లే కదండీ సార్" అన్నాను.

ఆయన ఒకసారి భార్య వైపు చూసి, ఏం జరిగి ఉంటుందో గ్రహించి, కుర్చీలో కూర్చున్నారు. నిజంగానే కోపం వచ్చింది ఆయనకు.

"నీవల్ల ఎట్లయితది? డబ్బా నేను ఖరాబ్ చేసినా, నువ్వు చేసినవా? ఏడాది పొడుగు ఆ డబ్బాల ఉప్పే కాల్చిండ్రు పిల్లలు. ఎంతమందో. అందరి రికార్డుల ముప్పై తొమ్మిదే. ఒక్కరన్న వచ్చి, సార్, నాకు తక్కువొస్తున్నది అని చెప్పిండ్రా? నీ కాగితం సూడకపోతే ఆ డబ్బా ఇంకా ఆడనే ఉండు. నేను అసిస్టెంటయి దాని పక్కన కుర్చీ ఏసుకొని కూసుందు. గా కుర్చీ నేనేం చేసుకుంట బిడ్డా?"

ఆయన నన్ను అంత మంచిదాన్నిగా అనుకుంటుంటే భరించలేకపోయాను. నిజం చెప్పేశాను. నేనూ ముప్పై తొమ్మిదే రాసుకున్నానని, దొంగ తూకాలు కూడా పుట్టించుకున్నానని, ఆయన బీరువా దగ్గర నిలబడి చూస్తున్నారన్న సిగ్గుతో చెరిపేశానని, అంతకుమించి నా గొప్పతనం ఏమీ లేదని.

ఆయన చేతిలో పాల ప్యాకెట్ అలాగే ఉంది.

"నేను నిన్ను సూస్తలేను బిడ్డా ఆ టైముల" అన్నారు చివరికి. "డబ్బాను సూస్తున్న. నీ నాలుగు తూకాలు సూడంగనే సమజయింది నాకు. ప్రమోషన్ కాగితం పైన ఉన్నది. డబ్బా మెల్లగ తీస్కపోయి ఎనకాల మోరీల పారబోద్దామనుకున్న. ఎవ్వరికి తెలుస్తది? నిజంగనే అనుకున్న. అట్ల అనుకుంట తలెత్తిన. నువ్వు రబ్బరు తోటి చెరుపుతున్నవ్."